ముఖ్య అతిథి పట్టుకెళ్లిన మడ్‌గార్డు

పాత మోటార్‌సైకిళ్లు కొని, వాటికి పాత సామాన్లే కావాలని ఊరంతా గాలించే కుర్రకారు ఈ మధ్య బాగా పెరిగారు. తార్నాకలో టీ తాగడానికి ఆగితే చాలు, ఎవరో ఒకరు ఫోన్‌లో ఫొటో చూపించి "అంకుల్, ఈ మోడల్‌కు ముందు మడ్‌గార్డు యాడన్న దొరుకుతదా?" అని అడుగుతారు. నేను యూనివర్సిటీ వాహనాల విభాగంలో ముప్పై ఏళ్లు పనిచేసి సూపరింటెండెంటుగా రిటైరయ్యానని ఎవరో వాళ్లకు చెప్పి ఉంటారు. మీ అందరికీ కలిపి ఇక్కడే జవాబు చెబుతున్నాను. మడ్‌గార్డు కోసం నేను దాదాపు ఏడాది తిరిగాను. ఒక్క బండికి ఆరు మడ్‌గార్డులు సంపాదించాను. ఒక్కటీ సరిపోలేదు. ఎందుకు సరిపోలేదో తెలిసినవాళ్లు ఇద్దరే ఇద్దరు, అందులో ఒకణ్ణి నేనే. సిగ్గుచేటు ఏమిటంటే, నాకు తెలుసన్న సంగతి నాకే గుర్తులేదు.

మాది డుగుడుగు బండి. అది ఏ సంవత్సరంలో తయారైందో మా రికార్డుల్లో మూడు చోట్ల మూడు రకాలుగా ఉంది. ఒకప్పుడు దాని మీద రోజూ టపా తిరిగేది. ఈమెయిళ్లు వచ్చాక ఆ పని పోయి ఒకే ఒక్క పని మిగిలింది. స్నాతకోత్సవం రోజు గెస్ట్‌హౌస్ నుంచి ఆడిటోరియం దాకా ఊరేగింపు ఉంటుంది. ముందు మా బండి, దాని వెనక గౌన్లు వేసుకున్న ముఖ్య అతిథి, వైస్ చాన్సలర్, డీన్లు. బండి మనిషి నడిచే వేగంతోనే పోవాలి. వెనక ఉన్న విద్వాంసులంతా ఆ పొగ పీల్చి దగ్గుకుంటూ ఎంతో గంభీరంగా నడిచేవారు. ఈ ఆచారం ఎలా మొదలైందో చూద్దామని ఒకసారి ఫైలు తిరగేశాను. "గత పర్యాయం జరిగిన విధంగా" అని రాసి ఉంది. గత పర్యాయం ఫైల్లోనూ అదే రాసి ఉంది.

ఆ బండి నడిపే ఆయన్ను క్యాంపస్ అంతా రైడర్ సాబ్ అనేవారు. మెదక్ వైపు వ్యవసాయ కుటుంబం, అడిక్‌మెట్‌లో ఇల్లు. నాకంటే నాలుగేళ్లు ముందు ఉద్యోగంలో చేరాడు. తెల్ల యూనిఫాం వేసి బండెక్కితే ఆయన కుడి భుజం కాస్త కిందికి దిగేది. ఆ కూర్చోవడంలో ఒక రాజసం ఉండేది. గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్లు స్కూటీ నడిపినా ఆయనలాగే కుడి భుజం దించి నడిపేవారు. మా చరిత్ర ప్రొఫెసర్ అయితే అది పాతకాలపు ఆశ్విక దళాల పద్ధతి అని తేల్చి, యూనివర్సిటీ పత్రికలో ఒక వ్యాసమే రాశారు. రైడర్ సాబ్ దాన్ని చదివించుకుని విని, "బాగ రాసిండు" అని ఊరుకున్నాడు.

ఒక స్నాతకోత్సవంలో, ఊరేగింపు సగం దారిలో ఉండగా, ముందు మడ్‌గార్డు బోల్టులు ఊడి ఠంగుమని రోడ్డు మీద పడింది. బండి ముందుకు పోయింది. ముఖ్య అతిథి ఆగారు. వేరే రాష్ట్రం నుంచి వచ్చిన పెద్దమనిషి, పాపం, మా పద్ధతులు తెలియవు. ఇదీ క్రతువులో భాగమే అనుకుని, వంగి దాన్ని రెండు చేతులా ఎత్తుకున్నారు. కాదండీ అని చెప్పడానికి వైస్ చాన్సలర్ గారికి మొహమాటం అడ్డొచ్చి, తలవంచి నమస్కారం పెట్టారు. ఆయన పెట్టేసరికి డీన్లంతా పెట్టారు. మడ్‌గార్డు అలా ఆడిటోరియంలోకి వెళ్లింది, వేదిక ఎక్కింది, బంగారు పతకాల పక్కన రెండున్నర గంటలు టేబుల్ మీద కూర్చుంది. సభ ముగిశాక శాలువాతో, జ్ఞాపికతో పాటు ముఖ్య అతిథి కారెక్కి విమానాశ్రయానికి వెళ్లిపోయింది.

తిరిగి అడగడానికి ఎవరికీ నోరు రాలేదు. మా మడ్‌గార్డు దయచేసి పంపగలరని నేనే ఒక ఉత్తరం రాసి పైకి పెడితే, అది ఆరు టేబుళ్లు తిరిగి "భాష మరింత గౌరవంగా ఉండవలెను" అన్న రాతతో వెనక్కి వచ్చింది. గౌరవం పెంచి మళ్లీ పెట్టాను. ఇంకొంచెం పెంచమన్నారు. చివరికి అందులో మడ్‌గార్డు అనే మాట కూడా పోయి, "తమరి దివ్యహస్తాలకు చేరిన మా వస్తువు" అని తేలింది. ఆ ఉత్తరం పోస్టయిందో లేదో కూడా నాకు తెలియలేదు.

ఈలోగా కొత్త రిజిస్ట్రార్ మేడమ్ వచ్చారు. ఖచ్చితమైన మనిషి. నన్ను పిలిచి, "చూడండీ, మన బండి విడిభాగాలు అతిథులు మొయ్యడం నాకిష్టం లేదు. వచ్చే స్నాతకోత్సవం నాటికి సరిగ్గా సరిపోయే ఒరిజినల్ మడ్‌గార్డు పెట్టించండి. లేకపోతే బండి తుక్కు వేలానికి పోతుంది" అన్నారు.

ఆ కబురు నాకంటే ముందే రైడర్ సాబ్‌కు చేరింది. సాయంత్రం వచ్చి నా టేబుల్ ముందు నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"సార్, గా కాన్వొకేషన్ అయినంక నెలకే నా రిటైర్మెంట్. గిన్నేండ్లు గౌన్ల ముంగట బండి నడిపిన. ఆఖరుసారి నన్ను ఉత్త చేతులతోని నడ్సుకుంట పొమ్మంటరా?"

"ఎంతమాటండీ! రేకు ముక్కేగా. తార్నాకలో దొరకదా?"

"మీరు మాటిస్తె అయితది సార్."

ఇచ్చాను. ఎందుకిచ్చానా అని తర్వాత చాలాసార్లు తల పట్టుకున్నాను.

మొదటిది ఆన్‌లైన్‌లో తెప్పించాను. పెట్టె విప్పితే ఆటో మడ్‌గార్డు వచ్చింది. దాన్ని లెక్కలోంచి తీసేశాను. పాత బండ్ల అభిమానుల వాట్సాప్ బృందంలో ఒకాయన అసలైనది ఉందన్నాడు కానీ, నాకు బండ్ల మీద నిజమైన ప్రేమ ఉందో లేదో తేల్చుకోవడానికి పిల్లనిచ్చే మామగారిలా గంటసేపు ప్రశ్నలు వేశాడు. ఉందని ప్రమాణం చేస్తే ఇచ్చాడు. తార్నాకలో మా బండి బాగుచేసే ఉస్తాద్ దాన్ని బిగించి చక్రం తిప్పాడు. ఎడమవైపు టైరుకు బర్రుమని రాసుకుంది. లోపలికి రెండు వేళ్ల మందం ఎక్కువ ఉంది.

"మాల్ బేకార్ సాబ్" అన్నాడు ఉస్తాద్.

రెండోదీ అంతే, మూడోదీ అంతే. నాలుగోది ఉత్తరాది నుంచి లారీలో వచ్చింది. అదీ ఎడమవైపే, అంతే మందంతో రాసుకుంది. "సాబ్, ఇప్పుడు దునియాల మడ్‌గార్డులన్ని ఖరాబ్ చేస్తున్రు" అని ఉస్తాద్ నిట్టూర్చాడు. ఐదోది ఆయనే పంతం పట్టి రేకు కోసి తయారు చేశాడు. అదీ రాసుకుంది. ఆ రోజు ఆయన అన్నం తినలేదు.

ఇక ఆరోది నిజంగా మణిపూస. నల్లకుంటలో ఎప్పుడో మూతబడ్డ స్పేర్ పార్టుల షాపు యజమాని అటక మీద, నూనె కాగితంలో చుట్టినది చుట్టినట్టే ఉంది. ఉస్తాద్ దాన్ని కళ్లకద్దుకున్నాడు. ముందు పరీక్షగా వేరే వాళ్ల బండికి పెట్టి చూస్తే చేతికి గాజులా ఎక్కింది. మా బండికి పెట్టాం. బర్ర్. ఉస్తాద్ ఫుట్‌పాత్ మీద కూలబడి, "సాబ్, మాల్ అచ్ఛా ఉంది. నా కండ్లే ఖరాబైనయి" అన్నాడు. ఆయన్ను ఓదార్చి, ఇంకో టీ తాగించి వచ్చాను.

ఆరింటినీ మా సెక్షన్ గోడకు మేకులు కొట్టి తగిలించాం. ఒకదాంట్లో మా టైపిస్టు మట్టి పోసి మనీప్లాంట్ పెంచింది. రిజిస్ట్రార్ మేడమ్ ఒక కమిటీ వేశారు. మెకానికల్ ప్రొఫెసర్ వచ్చి పరికరాలతో కొలిచి, మడ్‌గార్డులన్నీ ఉండవలసిన కొలతల్లోనే ఉన్నాయన్నారు. చరిత్ర ప్రొఫెసర్ వచ్చి, వాటిలో మూడు కాలానికి తగవన్నారు. ఇద్దరూ వాదించుకుని చివరికి ఒక తీర్మానం చేశారు: "మడ్‌గార్డులు సక్రమంగా ఉన్నందున, టైరును ఎడమ పక్క కొంత అరగదీసే అవకాశాన్ని పరిశీలించవలెను." కన్వీనరుగా దాని కింద సంతకం పెట్టింది నేనే.

స్నాతకోత్సవం ఇక మూడు రోజులుందనగా, ఉస్తాదే ఒక దారి చెప్పాడు. లాలాగూడలో రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరైన ముసలాయన ఉన్నాడట, ఇనుము ఆయన మాట వింటుందట. ఆరో మడ్‌గార్డు చంకన పెట్టుకుని రైడర్ సాబ్ వెనక కూర్చుని వెళ్లాను.

ఫిట్టర్ గారు ఇంటి ముందు రేకుల షెడ్డులో స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. మడ్‌గార్డు ఇవ్వబోతే చేత్తో పక్కకు నెట్టి, ఒక నూలు తాడు తీశాడు. వెనక చక్రం నుంచి ముందు చక్రం దాకా దాన్ని లాగి పట్టుకోమన్నాడు. నేల మీద బోర్లా పడుకుని ఒక కన్ను మూసి చూశాడు. లేచి చొక్కా దులుపుకున్నాడు.

"మడ్‌గార్డు సక్కగనే ఉన్నది. బండే వంకర ఉన్నది" అన్నాడు.

"బండా?"

"ముందల ఫోర్కు ఎడ్మ కాలు వంగింది. చక్రం రెండేండ్ల సంది, మూడేండ్ల సంది కాదు, శానేండ్ల సంది పక్కకున్నది. ఎవడో రాతిగోడకు గుద్దిండు. గుద్ది, ఎవ్వరికి చెప్పకుంట, మడ్‌గార్డును లోపట్నుంచి కొట్టి బొప్పి లేపిండు, టైరుకు తాకకుంట. మీ పాతదానికి గీ పక్క బొప్పి ఉండెనా లేదా?"

ఉండేది. ఎడమ పక్క, కోడిగుడ్డంత బొప్పి. అది ఎలా వచ్చిందో అప్పుడు గుర్తొచ్చింది.

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, ఒక మధ్యాహ్నం భోజనాల వేళ, రైడర్ సాబ్ చెట్టు నీడన కునుకు తీస్తుంటే, మేకుకు ఉన్న తాళం తీసుకుని ఆ బండెక్కాను. నల్లకుంటలో పెరిగిన కోస్తా గుమాస్తా కొడుకుని, సైకిల్ తప్ప తొక్కి ఎరగను. తార్నాక దాకా వెళ్లి, వీరుడిలా వెనక్కి తిరిగి వస్తూ క్యాంపస్‌లో కల్వర్టు పిట్టగోడకు గుద్దాను. చక్రం మడ్‌గార్డుకు పట్టేసింది. భయంతో డిక్కీలో ఉన్న స్పానరుతో మడ్‌గార్డు విప్పి, ఆ పిట్టగోడ మూలరాయి మీద వెల్లకిలా పెట్టి, లోపలివైపు ఇంకో రాయితో చక్రం తిరిగేదాకా బాదాను. మళ్లీ బిగించి, బండి తెచ్చి యథాస్థానంలో పెట్టి, తాళం మేకుకు తగిలించాను. ఎవరూ ఏమీ అడగలేదు. ఒక నెల భయపడ్డాను. తర్వాత నిజంగానే మరిచిపోయాను.

షెడ్డులో నిలబడి, రైడర్ సాబ్ ముఖం చూడకుండా, "ఆ గుద్దింది నేనేనండీ, కల్వర్టు రాయి మీద పెట్టి బాదిందీ నేనే" అన్నాను.

"ఎర్కనే సార్" అన్నాడాయన.

"ఎప్పట్నుంచి?"

"గా దినం సంది. మీ ప్యాంటు మోకాలు కాడ చినిగింది, మూడు దినాలు కుంటిన్రు. బాత్రూంల జారిన అని అందరికి చెప్పిన్రు."

"మరి అడగలేదేమండీ?"

"అడిగితె మీరు చెప్పాలె గద. అప్పటికి మీ నౌకరి పర్మనెంట్ గాలె. నౌకరి పోతుండె, బండిని గూడ తుక్కుల ఏస్తుండ్రి. అది ఎడ్మకు గుంజుతది, నేను కుడికి ఒరిగి పట్టుకుంటున్న. గంతే."

అప్పుడు అర్థమైంది ఆ కుడి భుజం సంగతి. సెక్యూరిటీ వాళ్లు అనుకరించిన రాజసం, ప్రొఫెసర్ గారి ఆశ్విక దళం, అన్నీ నేను కల్వర్టుకు కొట్టిన దెబ్బే. ఇరవై ఎనిమిదేళ్లు నా తప్పును ఆయన భుజం మోసింది. నాకు ఏడుపొచ్చింది. ఫిట్టర్ ముందు ఏడిస్తే బాగుండదని మడ్‌గార్డును పరీక్షగా చూస్తున్నట్టు నటించాను.

"ఇప్పుడే వెళ్లి రిజిస్ట్రార్ మేడమ్‌కు రాసిచ్చేస్తానండీ" అన్నాను.

రైడర్ సాబ్‌కు కోపం వచ్చింది. అన్నేళ్లలో అదే మొదటిసారి. "ఏం రాస్తరు? ఫోర్కు వంగిందని రాస్తె బండి గా రోజే పోతది. నాకు బండి గావాలె సార్, మీ మాఫీ ఏం జేస్కోవాలె?"

ఫోర్కు సరిచేయొచ్చా అని ఫిట్టర్‌ను అడిగాను. "వంచొచ్చు. సక్కగన్న అయితది, ఇరగనన్న ఇరుగుతది. ఎన్ని దినాలున్నయి?" మూడు అన్నాను. "అయితె ముట్టద్దు. గీ మంచి మడ్‌గార్డుకే బొప్పి లేపాలె" అన్నాడు.

లేపాడు కూడా. కానీ ఆయన చేతిలో అది నున్నగా, అందంగా వచ్చింది. బిగిస్తే ఒకచోట తప్పి ఇంకోచోట రాసుకుంది. రెండుసార్లు సరిచేశాడు, రెండుసార్లూ అంతే. చివరికి సుత్తి కింద పెట్టేసి, "నా చెయ్యి సక్కగ కొడ్తది, గదే తంటా. దీనికి పనిరానోని చెయ్యి గావాలె. గా రాయి ఇంక ఉన్నదా?" అని నా వైపు చూశాడు.

ఉంది. మర్నాడు పొద్దున్న ముగ్గురం కల్వర్టు దగ్గర చేరాం. నాకు రిటైర్మెంటుకు ఏడాది ఉంది, మోకాళ్ల నొప్పులు. నూనె కాగితం మడతల గుర్తులు ఇంకా పోని ఆ మణిపూసను పిట్టగోడ మూలరాయి మీద వెల్లకిలా పెట్టి, రోడ్డు పక్క రాయి ఒకటి ఏరుకుని బాదడం మొదలుపెట్టాను. నడకకు వచ్చినవాళ్లు ఆగారు. హాస్టల్ విద్యార్థులు ఫోన్లు తీసి వీడియో పట్టారు.

"ఏం జేస్తున్రు అంకుల్?" అని ఒకమ్మాయి అడిగింది.

"ఒరిజినల్ జేస్తున్నం బిడ్డా" అన్నాడు రైడర్ సాబ్.

ఫిట్టర్ పక్కన నిలబడి, "ఇంక భయంతోని కొట్టు. గట్ల ధైర్యంగ కొడ్తె రాదు" అని పాఠం చెబుతున్నాడు. నాకు భయం తెచ్చుకోవడం కష్టం కాలేదు. పరిపాలనా భవనం అక్కడికి కనిపిస్తూనే ఉంది. పదకొండో దెబ్బకు రైడర్ సాబ్ చాలన్నాడు. బిగించి చక్రం తిప్పాం. చప్పుడు లేదు. ఇంకోసారి తిప్పాం. గాలికి తిరిగినట్టు తిరిగింది. ఫిట్టర్ నా చేతిలోని రాయి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, జేబులో వేసుకున్నాడు.

స్నాతకోత్సవం రోజు రిజిస్ట్రార్ మేడమ్ స్వయంగా తనిఖీకి వచ్చారు. ముందు చక్రం దగ్గర వంగి, "కొత్త మడ్‌గార్డుకు ఈ బొప్పి ఏమిటి?" అన్నారు. నిజం చెబుదామని నోరు తెరిచాను. రైడర్ సాబ్ తన బూటు తెచ్చి నా చెప్పు మీద పెట్టాడు. అంతలో చరిత్ర ప్రొఫెసర్ ఒక ఆల్బమ్ పట్టుకుని పరుగున వచ్చారు. పాత స్నాతకోత్సవాల ఫొటోలన్నింట్లో అదే చోట అదే బొప్పి. "మేడమ్, అది లోపం కాదు. అదే దీని ఆనవాలు. ఇంత సూక్ష్మంగా పునర్నిర్మించడం నేనెక్కడా చూడలేదు" అన్నారు. మెకానికల్ ప్రొఫెసర్ చక్రం తిప్పి చూసి తల ఊపారు. మేడమ్ నాతో కరచాలనం చేశారు. ఆ చెయ్యే రాయి పట్టిన చెయ్యి, ఇంకా బొబ్బలు ఎక్కి ఉంది.

ఊరేగింపు బయలుదేరింది. రైడర్ సాబ్ తెల్ల యూనిఫాంలో, కుడి భుజం దించి, నడక వేగంతో బండి పోనిచ్చాడు. పక్కనే నడుస్తూ నేను ఒక్క చప్పుడు కోసం చెవులు రిక్కించాను. బర్రుమనలేదు. కొత్త ముఖ్య అతిథికి ఎవరో పాత సంగతి చెప్పినట్టున్నారు, తనకేమైనా దొరుకుతుందేమో అని రోడ్డు మీద చూస్తూ నడిచారు. ఆయనకు ఏమీ దొరకలేదు. ఆడిటోరియం మెట్ల దగ్గర రైడర్ సాబ్ ఇంజిన్ ఆపి, దిగి, పెట్రోలు ట్యాంకు మీద ఒకసారి అరచెయ్యి పెట్టి తీశాడు.

మీకు చెప్పాల్సిన సలహా అంటూ ఉంటే ఇదొక్కటే. కొత్త మడ్‌గార్డు సరిపోకపోతే దాన్ని తిట్టేముందు చక్రానికీ చక్రానికీ మధ్య ఒక నూలు తాడు లాగి చూడండి. ఆ తర్వాత, ఆ బండిని మీరెక్కడైనా గుద్దారేమో గుర్తు తెచ్చుకోండి.

రైడర్ సాబ్ వీడ్కోలు సభకు ముందురోజు వెనకటి ముఖ్య అతిథి గారి నుంచి పార్సిల్ వచ్చింది. మా పాత మడ్‌గార్డు. టేకు పీట మీద, గాజు పెట్టెలో ఉంది. "మీ లేఖలోని భక్తిభావం చూశాక ఇంతటి పవిత్ర వస్తువును నా దగ్గర ఉంచుకోవడం అపరాధమనిపించింది" అని రాశారు. ఉత్తరం మొత్తానికి పోస్టయిందన్నమాట. ఆ పెట్టెనే రైడర్ సాబ్‌కు కానుకగా ఇచ్చాం.

ఆయన మైకు ముందుకు వచ్చి, గాజు మీద వేలు పెట్టి చూపించాడు. "గీ బొప్పి మా సార్ లేపిందే. గిట్ల ఇంకెవ్వరు లేపలేరు" అన్నాడు. కల్వర్టు వీడియో అప్పటికే క్యాంపస్ అంతా చూసింది. పాతదేదో కొత్తదేదో ఎవరికి తెలుసు? హాలంతా లేచి నాకు చప్పట్లు కొట్టింది. నేను చేతులు జోడించి ఆ చప్పట్లు తీసుకున్నాను. అప్పుడూ చెప్పలేదు. పిరికివాణ్ణి. ఆ చప్పట్లు ఈ రోజు ఇలా తిరిగి ఇచ్చేస్తున్నాను.

తర్వాత ఆయన మెడలో బంతిపూల దండ వేశాను. అది కుడివైపుకు జారింది. సరిచేశాను. మళ్లీ జారింది. బండి దిగి నెల కావస్తున్నా ఆ భుజం పైకి లేవలేదు. మూడోసారి సరిచేయబోతుంటే ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఇడ్వుండ్రి సార్" అన్నాడు నవ్వుతూ. "అది గట్లనే ఉంటది."